కొత్త తాటాకు కప్పు

తమ్ముడా,

నువ్వు పోయి నేటికి మూడేళ్లు. ఈ రోజే మన పాలేనికి ఫైరింజను వచ్చింది. వచ్చిందంటే, ఊరి బయట ఇసుకలో దిగబడింది. పడవని లాగినట్టు మోకులు కట్టి అందరం లాగాం. ఇళ్లు అంటుకుంటే ఏం చేయాలో నేర్పడానికి వచ్చారట, ఇన్నాళ్లకి!

వాళ్ల ఆఫీసరు చెప్పాడు: "కాలే ఇంటి మీద బిందెలతో నీళ్లు పోస్తూ కూర్చోవద్దు. పక్కింటి కప్పు పీకెయ్యండి. మంట అక్కడే ఆగిపోతుంది." అందరూ చప్పట్లు కొట్టారు. మన మేనమామ అయితే, "ఏం తెలివి సార్ మీది!" అన్నాడు.

పాలెం అంటుకున్న రోజు నువ్వు చెప్పిందీ అదే కదరా. మంటకీ మీ ఇంటికీ మధ్య ఉన్నది నా ఇల్లే. "నీ కప్పు పీకనీ అన్నా, పాలెం మిగుల్తుంది" అంటూ గడ పట్టుకుని వచ్చావు. "నిన్ననే కొత్తాకు కప్పించాను, ముట్టుకున్నావంటే చూడు" అని అడ్డం నిలబడ్డాను. మామ నీ చేతిలో గడ లాగేసుకున్నాడు. మంట నా ఇంటి మీదుగా నీ ఇంటికి పోయింది. లోపలున్న అమ్మని బయటికి తోశావు. నువ్వు మాత్రం రాలేదు.

పీకి చూపించడానికి ఒక ఇల్లు కావాలన్నాడు ఆఫీసరు. చప్పట్లు కొట్టిన వాళ్లంతా పోయి ఎవరి గుమ్మానికి వాళ్లు అడ్డం నిలబడ్డారు. నేను మళ్లీ కట్టుకున్న నా ఇల్లు చూపించాను.

కొక్కేలు వేసి లాగారు. చుట్ట ముట్టించుకునేంత సేపు కూడా పట్టలేదురా.