చెంపకి ఆనించని మొహం

మా ఇంటి నర్సమ్మగారికి,

మొగుడు పెళ్లానికి ఆశీర్వదించి రాయాలంటారు. నిన్ను ఆశీర్వదించేంత మొనగాణ్ణి కాను కనుక రెండు చేతులూ ఎత్తి నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేనూ, నా కుమ్మరి సారే, కరెంటు బట్టీ, కిటికీలో నువ్వు పెట్టి వెళ్లిన మొక్కా. మొక్కకి రెండు ఆకులు రాలాయి, నాకు రెండు కిలోలు పెరిగాయి. ఫోను కూడా అందని ఆ కొండల్లో, నీ క్యాంపు ఆసుపత్రిలో నువ్వూ క్షేమమేనని తలుస్తాను.

కవరులో దూది చుట్టిన చిన్న వస్తువు ఒకటి తగులుతుంది. దాన్ని ఇప్పుడే విప్పకు. నీ సంగతి నాకు తెలుసు, ఈపాటికే వేళ్లతో నొక్కి చూసి ఉంటావు. నొక్కుకో, విప్పకు. ఇంకో మాట. పోయినసారి నా ఉత్తరాన్ని ఎర్ర సిరాతో దిద్ది తిరుగు టపాలో పంపావు. ఏడో తరగతి తప్పినవాణ్ణి కట్టుకున్న రోజున ఆ ఎర్ర సిరా ఎక్కడ దాచావు? ఈసారి అక్షరాల జోలికి పోకు. దిద్దవలసిన తప్పు వేరే ఉంది. చివర్లో వస్తుంది.

నువ్వు అడిగినవాటికి జవాబులు. బీపీ మాత్ర వేసుకుంటున్నాను. వంటింటి కుళాయికి వాషరు మార్చాను. ఇప్పుడు కారడం లేదు, చిమ్ముతోంది. రెండు వారాలుగా ఉత్తరం ఎందుకు రాలేదని అడిగావు, దానికి జవాబు ఈ ఉత్తరమంతానూ. ఇక ఆఖరి ప్రశ్న. మన అపార్టుమెంటు సెక్రటరీగారు తలుపుకి నోటీసు అతికించారని నీ చెల్లెలు రాసిందట. "నేను వచ్చేదాకా పిల్లల ఆ మట్టి క్లాసులు మూసెయ్యండి, ఆయనతో పెట్టుకోకండి" అని రాశావు. నోటీసు మాట నిజం. మూసెయ్యడం మాత్రం జరగదు. కోపం వస్తే రానీ, అయిదువందల మైళ్ల దూరం నుంచి గరిటె విసిరినా నాకు తగలదు.

సెక్రటరీగారి కథ నువ్వు వెళ్లాక ముదిరింది. ఆయన బడులు తనిఖీ చేసే ఉద్యోగం నుంచి రిటైరయ్యారు గాని, తనిఖీ ఆయన నుంచి రిటైర్ కాలేదు. మన పైవాటాలో ఉండి మెట్లు తనిఖీ చేస్తుంటారు. పోయిన నెల మెట్ల పిట్టగోడ మీద ఒక బుల్లి మట్టి చెయ్యి అచ్చు కనిపించింది. దాని చుట్టూ సుద్దతో గీత గీసి, పక్కన తారీఖు వేశారు. తుడవలేదు, తుడవనివ్వలేదు. వచ్చేపోయేవాళ్లందరికీ చూపించి, "ఏడో తరగతి తప్పినవాడు పిల్లలకి ఏం నేర్పుతాడండీ?" అని అడిగారు. నేను నేర్పేది ఏడో తరగతి కాదు కదా. ఆ మాట నాకు తగిలింది. తగలలేదని నీ దగ్గర బుకాయించి లాభం లేదు.

నేను నేర్పేదేమిటో నీకు తెలుసు గాని మళ్లీ చెబుతాను, కారణం ఉంది. మట్టి వస్తువు గోడ చిటికెన వేలు మందం దాటకూడదు. బొమ్మ లోపల బోలుగా ఉండాలి. ఇక మూడోది, పచ్చి మట్టి ఆరిందో లేదో కంటికి తెలియదు, చెంపకి ఆనించి చూడాలి. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. అలాంటిది బట్టీలో పెడితే ఆ తడి ఆవిరై, దారి దొరక్క, వస్తువుని పేల్చేస్తుంది, పక్కనున్నవాటిని కూడా. అందుకే బట్టీ నింపే రోజున పిల్లలందరూ తమ తమ వస్తువుల్ని చెంపకి ఆనించుకుని కళ్లు మూసుకుంటారు. పన్నెండుమంది అలా వరసగా నిలబడితే ఊరికంతటికీ పంటినొప్పి వచ్చినట్టుంటుంది.

ఆ పన్నెండుమందిలో ఒక పిల్ల ఉంది. మూడో అంతస్తు టైలరమ్మగారి కూతురు, ఎనిమిదేళ్లుంటాయి. ఏం చేసినా రెండు వేళ్ల మందాన దిట్టంగా చేస్తుంది. చిన్న గిన్నె చెయ్యమంటే రోలు చేస్తుంది. నేను దిట్టమ్మ అని పేరు పెట్టాను, అది ఒప్పుకుంది. నన్ను మట్టి మావయ్య అంటుంది, తగువు వస్తే ఒట్టి మావయ్య అంటుంది.

నెలాఖరున కింద వరండాలో పిల్లల బొమ్మలన్నీ పెట్టి అందరికీ చూపిద్దామనుకున్నాం. పన్నెండు బొమ్మలూ చెంపల పరీక్ష నెగ్గాయి. దిట్టమ్మ ఏనుగుని చేసింది. దాన్ని నేను స్వయంగా లోపల తొలిచి, వారం ఎక్కువ ఆరబెట్టాను. శనివారం పొద్దున బట్టీ నింపి స్విచ్చి వేశాను. పదిగంటలకి లోపల ధడ్‌మని మోగింది. పైవాటాలో కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. బట్టీ ఆపలేదు. ఆపితే ఏదో జరిగిందని ఒప్పుకున్నట్టవుతుందని అలాగే నడిపాను. రెండురోజులు చల్లారనిచ్చి సోమవారం తీస్తే తొమ్మిది బొమ్మలు ముక్కలు. మూడే మిగిలాయి. ఏనుగు తొండం ఒక మూలా తోక ఒక మూలా ఉన్నాయి.

బుధవారం పిల్లలు వచ్చారు. చెప్పాలి కదా, చెప్పాను. "ఎవరిదో లోపల తడి ఉండిపోయింది. ఎవరిదో నేను చెప్పను, మీరూ అడక్కూడదు" అన్నాను. ఎంత పెద్దమనిషిలా అన్నానో నువ్వు చూసి ఉంటే చప్పట్లు కొట్టేదానివి. పిల్లలు అడగలేదు. అందరూ మెల్లిగా తలలు తిప్పి దిట్టమ్మ వైపు చూశారు. అది తన చేతులకేసి చూసుకుంది. నేను పనిముట్ల పెట్టె సర్దుకుంటూ కూర్చున్నాను.

ఆ శనివారం అది రాలేదు. జ్వరమేమో అనుకున్నాను, అనుకోవడం సుఖంగా ఉంటుంది కనుక. క్లాసులో ఒక పిల్ల మాటల్లో చెప్పింది. దిట్టమ్మ గురువారం బడి నుంచి రాగానే మెట్లన్నీ ఎక్కి దిగి, పదకొండు ఇళ్ల తలుపులూ తట్టి, "నావల్లే మీ బొమ్మ పగిలింది, సారీ" అని చెప్పి వచ్చిందట. ఎవరూ చెప్పమనలేదు. మూడు బొమ్మలు పగల్లేదు కదా, ఆ ఇళ్లకి కూడా వెళ్లి, "మీది కూడా పగిలేదే, సారీ" అందట.

ఆ రోజు నేను క్లాసు త్వరగా వదిలేశాను. సారె దగ్గర కూర్చుని ఒక్క ముంత కూడా నిలబెట్టలేకపోయాను.

ఈలోగా సెక్రటరీగారి నోటీసు పడింది. ఆదివారం పొద్దున కింద సైకిళ్ల షెడ్డులో అందరూ చేరారు. ఆయన కుర్చీ వేయించుకుని కాగితం చదివారు. బట్టీ పేలింది పిల్లల పొరపాటువల్ల అయితే ఒక హెచ్చరికతో సరిపెడతారట. నేర్పేవాడి తప్పయితే ఆ రోజుతోనే క్లాసులు బందట. చదివి, కళ్లజోడు పైనుంచి చూశారు.

"చెప్పండి మాస్టారూ, తప్పెవరిది?"

మాస్టారు అనే మాటని ఆయన పుల్లటి గింజ ఉమ్మినట్టు అంటారు. నేను నోరు తెరవక్కర్లేకపోయింది. తల్లిదండ్రులే నా తరఫున లేచారు. పిల్లలన్నాక పొరపాట్లు చేస్తారు, ఆయనేం చేస్తాడు పాపం, మా పిల్ల ఇప్పుడు తినే ముందు చేతులు కడుక్కుంటోంది అంటూ తలా ఒక మాట వేశారు. ఇంతలో వెనక వరసలో దిట్టమ్మ లేచి, బళ్లో లాగా చెయ్యెత్తింది.

"నాదేనండీ. నాది మందంగా ఉంది."

నేను గెలిచేశానని నీకు తెలుస్తోంది కదూ. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు. క్లాసులు ఉంటాయి, సెక్రటరీగారి మొహం మాడుతుంది, నీ చెల్లెలికి రాయడానికి ఏమీ మిగలదు.

ఇప్పుడు అసలు మాట. బట్టీలో పన్నెండు బొమ్మలు పెట్టానని రాశాను. పదమూడు పెట్టాను.

పదమూడోది సెక్రటరీగారి తల. రెండు పిడికిళ్లంత. కళ్లజోడు, పైకి లేచిన కనుబొమ్మ, ముందుకు దూకే ఆ ముక్కు, అన్నీ. పిల్లల బొమ్మలు చూపించే రోజున దాన్ని మెట్ల పిట్టగోడ మీద, సరిగ్గా ఆయన సుద్ద గీత గీసినచోట నిలబెట్టి, పక్కన తారీఖు వెయ్యాలని నా సంకల్పం. ఆ ముచ్చటలో ఉండి బోలుగా తొలవలేదు, గట్టిముద్దలా వదిలేశాను. ఆరడానికి నాలుగురోజులు కూడా ఇవ్వలేదు. శనివారం పొద్దున పిల్లల బొమ్మలన్నీ నేను కూడా ఒక్కొక్కటే చెంపకి ఆనించి చూశాను. ఇది చేతిలోకి తీసుకుని ఆగాను. ఆయన మొహాన్ని నా చెంపకి ఆనించుకోవడమా? చచ్చినా ఆనించుకోను అనుకుని అలాగే తీసుకెళ్లి ఏనుగు పక్కన పెట్టాను. పేలింది అదే. బట్టీ తీసిన రోజున మొదట దొరికిన ముక్క చూసే తెలుసుకున్నాను. తల పిండి అయింది గాని ముక్కు మాత్రం గీత పడకుండా నిలిచింది. దాన్ని జేబులో వేసుకున్నాను. బుధవారం పిల్లల ముందు పెద్దమనిషిలా మాట్లాడినప్పుడు అది నా జేబులోనే ఉంది. దిట్టమ్మ పదకొండు ఇళ్లు తిరుగుతున్నప్పుడూ అక్కడే ఉంది.

ఆదివారం దాన్ని తీసి సెక్రటరీగారి కాగితం మీద పెట్టాను. జరిగిందంతా చెప్పాను, నీకు రాసినంత వివరంగానే. చెంప సంగతి చెప్పేసరికి వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సెక్రటరీగారు ముక్కునే చూస్తున్నారు. ఆయన చెయ్యి తనకి తెలియకుండా సొంత ముక్కు మీదికి వెళ్లింది.

"అయితే తప్పు మీదే," అన్నారు.

"నాదే."

"రాసిస్తారా?"

"రాసిస్తాను. అక్షరాల తప్పులు మీరు దిద్దుకోండి."

"అయితే క్లాసులు బందు."

"బందు చెయ్యను. తప్పు ఒప్పుకున్నాను గాని మూత ఒప్పుకోలేదు. బోర్డు మీద లెక్క తప్పు వేసిన ప్రతి మాస్టారి బడినీ మూయించారా మీరు?"

ఆయన ఏదో అనబోయారు. టైలరమ్మగారు అననివ్వలేదు. ఆవిడ ఎప్పుడూ గొంతు పెంచదు, అప్పుడూ పెంచలేదు. "నా కూతురు పదకొండు గుమ్మాలు ఎక్కింది. ముందు మీరు అవి ఎక్కి రండి. క్లాసుల మాట తరవాత" అంది నాతో.

ఎక్కాను. నా మోకాళ్ల సంగతి నీకు తెలుసు. ప్రతి గుమ్మంలోనూ నిలబడి, దిట్టమ్మది తప్పు కాదు, నాది అని చెప్పాను. నా వెనకే సెక్రటరీగారి కాగితం కూడా అవే మెట్లు ఎక్కుతోంది. ఇరవై ఇళ్లలో సగానికి పైగా సంతకాలు పడితే నా క్లాసు బోర్డు పీకించవచ్చట. నేను దిగుతుంటే ఆయన ఎక్కుతున్నారు, ఆయన దిగుతుంటే నేను ఎక్కుతున్నాను. పదకొండూ అయ్యాక ఆయన తలుపు కూడా తట్టాను. ఎవరూ వెళ్లమనలేదు.

"మీ తల చేయడం తప్పు," అన్నాను.

ఆయన కళ్లజోడు సర్దుకుని, "బోలుగా ఎందుకు చెయ్యలేదు? పిల్లలకి చెప్పేది అదేగా," అన్నారు. తనిఖీ బుద్ధి.

"మీ తల బోలుగా చేస్తే మీరు ఊరుకుంటారా అని," అన్నాను.

తలుపు వేసేశారు. అంతకుముందే మూతి కొంచెం వంకర తిరిగిందని నా అనుమానం. అయినా సంతకాల కాగితం ఆయన చింపలేదు. ఇవాళ్టికి ఏడు పడ్డాయి.

నిన్నటి శనివారం క్లాసుకి అయిదుగురే వచ్చారు. పాఠం మొదలెట్టాక గుమ్మంలో దిట్టమ్మ నిలబడింది. లోపలికి రాకుండానే అడిగింది.

"నిజంగా చెంపకి ఆనించలేదా?"

"లేదు."

"మాకు చెప్తావుగా."

"చెప్తాను."

మా క్లాసులో ఇంకో నియమం ఉంది, అది పెట్టింది పిల్లలే. ఎవరైనా పక్కవాళ్ల వస్తువు పాడుచేస్తే మరుసటి క్లాసుకి వాళ్ల మట్టి పిసికి పెట్టాలి. దిట్టమ్మ లోపలికి వచ్చి, నా పీట మీద కూర్చుని, చేతులు కట్టుకుంది.

"తొమ్మిదిమందివి పగిలాయి," అంది. "పిసుకు."

పిసికాను. పగలని ముగ్గురిలో ఇద్దరు వచ్చి మావి కూడా పిసకాలన్నారు, భయపెట్టినందుకట. అందుకే నా చేతిరాత ఇలా ఉంది, ఎర్ర సిరా ముట్టుకోకు. దిట్టమ్మ మళ్లీ ఏనుగే మొదలెట్టింది. అంతే దిట్టంగా. తొలవమంటే, "ఈసారి నేనే తొలుస్తాలే, నీకు రాదు," అంది.

ఇక నీ ఆఖరి ప్రశ్నకి ఆఖరి జవాబు. మూయను. పదకొండు సంతకాలు పడి బోర్డు పీకేస్తే పిల్లల్ని మెట్ల మీద కూర్చోబెట్టి నేర్పుతాను. అప్పుడు పిట్టగోడ మీద ఇరవైనాలుగు చేతులు పడతాయి, సెక్రటరీగారు సుద్ద బాగా కొనిపెట్టుకోవాలి. మెట్లు కూడా కాదంటే వీధి ఉంది. నాకు చదువు లేదని ఆయన ఎన్నిసార్లయినా చెప్పుకోవచ్చు. తప్పు చేస్తే ఎలా చెప్పాలో ఆ పిల్లలకి పుస్తకం నేర్పలేదు, ఒక పిల్ల నాకే నేర్పింది. అలాంటి క్లాసుని ఎవడు మూస్తాడో చూస్తాను. నువ్వు చెప్పినా సరే.

ఇప్పుడు దూది విప్పు. అదే ముక్కు. బాగా కాలింది, ఏమీ కాదు. నేను చెయ్యని పని నువ్వు చెయ్యి, ఒకసారి చెంపకి ఆనించు. నవ్వు వస్తే నవ్వు, కోపం వస్తే కోప్పడు, పారెయ్యకు మాత్రం. సెలవు మీద వచ్చేటప్పుడు జాగ్రత్తగా పట్టుకురా. బట్టీ పైన గోడకి మేకు కొట్టి ఉంచాను, దానికి వేలాడదియ్యాలి. మేకు అక్కడే ఉంటుంది, దాని కింద బట్టీ వేడిగా ఉంటుంది.

ఇట్లు,
పదకొండుమంది మట్టి పిసుకుతున్న
నీ మొగుడు