ఇంటికి పంపేశారు

మంగళవారం, లక్సెట్టిపేట

మధ్యాహ్నం నా కూతురు శ్రావణిని మంచిర్యాల ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేశారు. పన్నెండేళ్ల పిల్ల. షుగర్ పెరిగి స్పృహ తప్పితే శనివారం చేర్చాం. ఇంకో నాలుగు రోజులు ఉంచుకోమని డాక్టరును బతిమాలాను.

"ఇప్పుడు ఏ దేశంల చూసినా షుగర్ పేషంట్లను జల్ది పంపుతున్నరమ్మా. ఇంజక్షన్ నేర్చుకుంటే ఇంట్లనే చూసుకోవచ్చు" అన్నాడు.

మస్కట్‌లో ఉన్న మా ఆయనకు ఫోన్ చేశాను. "మా రూముల ఉండేటాయనకు షుగరొస్తే దవాఖాన నుంచి రెండు రోజులకే పంపిండ్రు. ఫికర్ చేయకు" అన్నాడు. సూది పట్టుకోవలసింది నేను కదా.

సాయంత్రం నర్సు చూపించినట్టే మందు తీశాను. పిల్ల పొట్ట దగ్గరికి తెచ్చి, సిరంజి మీది గీతలు మళ్లీ లెక్కపెట్టాను. మందు ఎక్కువైనా ప్రమాదమే, తక్కువైనా ప్రమాదమే. శ్రావణి నా చేతిలోంచి సూది తీసుకుని తానే గుచ్చుకుంది. ఏడవలేదు.

"అవ్వా, గీ సూదులు ఇంకెన్ని రోజులు?" అని అడిగింది.

"పది రోజులే బిడ్డా" అన్నాను.

బతికినంత కాలం అని డాక్టరు చెప్పిన మాట నా నోట రాలేదు. పదకొండో రోజు దానికి ఏం చెప్పను...