మినాహో కోటు

జహీరాబాద్,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి అక్షతకు,

అమ్మ దీవెనలు. ఇక్కడ మేం ముగ్గురం బాగానే ఉన్నాం. మీ నాన్న లారీలో లోడు వేసుకుని షోలాపూర్ పోయాడు. రేపు చిరాగ్‌పల్లి దాబా దగ్గర ఆగినప్పుడు ఫోన్ చేస్తానన్నాడు. నువ్వు కూడా బాగున్నావని రాస్తావేమోనని నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎక్కడా రాయలేదు. అన్నం సయించడం లేదని, నెలలో రెండుసార్లు జ్వరం వచ్చిందని మాత్రం రాశావు. నర్సింగ్ చదివే పిల్లవు, నీ జ్వరం సంగతి నీకే తెలియాలి. కానీ నాకు తెలియనిదేదో ఆ ఉత్తరంలో ఉందని చదవగానే అనిపించింది.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు రాస్తాను. కుట్టు మిషన్ బాగైంది, బెల్టు మార్చారు. నాన్న మోకాలి నొప్పి అలాగే ఉంది, దవాఖానకు పొమ్మంటే లోడు ఉందంటాడు. 'చెల్లి స్నిగ్ధ ఫోన్లో నా భుజాల కొలత అడిగింది, ఎందుకు?' అన్నావు. అదంతా కింద వస్తుంది. 'తారాబాయి పెద్దమ్మ ఎట్లుంది, ఆమె సంగతి ఒక్క మాటా రాయవేం?' అని కూడా అడిగావు. దానికి జవాబు చివర్లో రాస్తాను. ముందే రాస్తే మిగతాది రాయడానికి నాకు చెయ్యి రాదు. ఆదివారాల్లో మీ హాస్టల్ వార్డెన్ గారి ఫోన్లో దొరికే అయిదు నిమిషాలకు ఇది చాలదు, అందుకే ఇంత కాగితం ఖర్చు పెడుతున్నాను.

నా గుణం నీకు తెలిసిందే. పాలవాడు ఒకరోజు చిక్కటి పాలు పోస్తే ఇవాళ ఎందుకు పోశాడా అని ఆలోచించే మనిషిని. పోయిన శనివారం నీ ఉత్తరం దాచడానికి బట్టల సందుగ తెరిచాను. అడుగున నీ చిన్నప్పటి ఫ్రాక్ ఉంటుంది కదా, నీలం మీద పసుపు చుక్కలది. దాన్ని బయటికి తీస్తే, వీపు దగ్గర గుడ్డ లేదు. కత్తెరతో నలుచదరంగా కోసిన రంధ్రం ఉంది. ఎలుక కొరికితే అంచు అలా ఉండదు. నేను దర్జీని, నాకు తెలియదా.

నువ్వు నవ్వుతావని తెలుసు. కానీ మా అమ్మది న్యాల్‌కల్. ఆమె కాలంలో ఆ పక్క ఊళ్ళలో పెట్టెలో బట్ట పెట్టెలోనే కోసి కనపడితే ఎవరో బాణామతి అనే చేతబడి చేశారని వణికిపోయేవాళ్ళు. ఎవరి బట్ట కోస్తే వాళ్ళకు జ్వరం వస్తుందనేవాళ్ళు. నా చేతిలో ఒక పక్క నీ జ్వరం ఉత్తరం, ఇంకో పక్క నీ ఫ్రాక్. అందులోనూ స్నిగ్ధ చేత ఎవరో నీ భుజాల కొలత అడిగించారు. మరునాడు ఫోన్లో నేను సరిగ్గా మాట్లాడలేదని నువ్వు అనుకుని ఉంటావు. నిజమే, కారణం ఇదే.

ఇంట్లోకి ఎవరు వచ్చారా అని లెక్కపెట్టాను. ఆ వారంలో లోపలి గదిలో కూర్చున్నది తారాబాయి ఒక్కతే.

మన కుట్టు పద్ధతి నీకు తెలుసు. జాకెట్టు కుట్టాక మిగిలిన ముక్కలన్నీ, వేలెడంత పీలిక కూడా, మూటగట్టి ఎవరివి వాళ్ళకు ఇచ్చేస్తాను. ఒకరి గుడ్డ ఇంకొకరి ఇంట్లో ఉండకూడదని మా అమ్మ నేర్పింది. మన గల్లీ ఆడవాళ్ళు నా దగ్గరికే రావడానికి ఆ మూటే కారణం. అందరూ సరిపడా గుడ్డ తెస్తే తారాబాయి మాత్రం ఎప్పుడూ పావు మీటరు ఎక్కువ తెస్తుంది. పిండి గిర్ని నడిపే మనిషికి కొలత తెలియదా? నన్ను పరీక్షిస్తోందని ఇన్నేళ్ళూ నా అనుమానం. అందుకే ఆమె మూట మాత్రం రెండుసార్లు చూసి కట్టేదాన్ని.

సోమవారం ఆమే వచ్చింది. గడపలో నిలబడి నవ్వుతూ అడిగింది.

"నాగరాణీ, మూటల ఒక ముక్క తక్కువున్నది గదనే. ఏం జేసినవ్?"

"ఏం తక్కువలే తారక్కా. నువ్వే యాడనో పడేసుకుని ఉంటవ్."

"నేనెందుకు పడేసుకుంట. పోనీతియ్, నీ దగ్గర్నే ఉంటె ఉండనియ్."

అదే నవ్వుతో వెళ్ళిపోయింది. ముక్క పోయినందుకు నవ్వే మనిషిని ఎక్కడైనా చూశామా? నాకు ఆ నవ్వు మామూలుగా కనపడలేదు. 'నీ సంగతి నాకు తెలుసు, నీ బిడ్డ సంగతి చూస్తున్నాను' అన్నట్టే వినపడింది.

మంగళవారం పక్కింటి వీరమణి ఉప్పు కోసం వచ్చి నా ముఖం చూసి ఏమైందని అడిగింది. ఫ్రాక్ చూపించాను. "ఇంట్లకు ఎవలొచ్చిన్రు?" అంది. తారాబాయి పేరు చెప్పాను. అక్కడితో ఆగితే బాగుండేది. ఆ పేరు పక్కన బాణామతి అన్న మాట కూడా పెట్టాను. ఎవరికీ చెప్పొద్దన్నాను. వీరమణికి చెప్పొద్దని చెప్పడమంటే ఏమిటో నీకు వేరే చెప్పాలా.

గురువారం స్నిగ్ధ స్కూలుకు పోయాక దాని అలమర వెతికాను. తప్పే, కానీ వెతికాను. ఒక సంచిలో జానెడు బట్టబొమ్మ దొరికింది. ఒళ్ళంతా గుండుసూదులు. దాని మీద మన గల్లీ ఆడవాళ్ళ జాకెట్ల ముక్కలు, ఒక్కొక్కరిది ఒక్కొక్కటి. పక్కన నోటుబుక్కులో గుండ్రటి గీతలు, మధ్యలో నీ పేరు, చుట్టూ అర్థం కాని అక్షరాలు. తారాబాయి నా చిన్న కూతురి చేతే ఈ పని చేయిస్తోందనుకున్నాను. సాయంత్రం అది రాగానే ఏమీ అడగకుండా ఒక దెబ్బ వేశాను. తర్వాత అడిగాను.

ఏడ్చుకుంటూనే ఎదురు ప్రశ్న వేసింది. "జాకెట్‌కు నువ్వు పిన్నులు పెట్టవా అమ్మా? బొమ్మ మీద నమూనా సూసుకున్న, అంతె."

సంచి అడుగు నుంచి అసలు వస్తువు తీసి ముందు పడేసింది. చేతుల్లేని కోటు. సగం కుట్టి ఉంది. నీ భుజాల కొలత.

ఇదంతా ఒక జపాను బొమ్మల సీరియల్ వల్ల. దాన్ని స్నిగ్ధ ఫోన్లో హిందీలో చూస్తుంది. మినాహో అని బడికి పోయే పిల్ల, సూది పైకెత్తి మంత్రం చదివితే చుట్టూ రిబ్బన్లు తిరిగి ఒంటి మీద గౌను మారిపోతుందట. నాకు కూడా చూపించింది. కింద అంత వెడల్పు గేరున్న గౌనుకు జిప్పు ఎక్కడ పెట్టారో ఇప్పటికీ నాకు అనుమానమే. ఆ పిల్ల ఇల్లు వదిలి దూరం పోయి బూడిదరంగు మనుషులతో కొట్లాడుతుంది. వాళ్ళు తాకినవాళ్ళు తమ ఇల్లు ఎక్కడుందో మర్చిపోతారట. ఆమెను కాపాడేది ఒక అతుకుల కోటు. ఆ కోటు ఎక్కడిదో సీరియల్లో చెప్పరు. సీరియల్ అయిపోయాక ఫోన్లో ఆట వచ్చింది, బొమ్మల పుస్తకాలు వచ్చాయి. ఆ పుస్తకాల్లో ఒకటి మినాహో చెల్లెలి కథ. ఆ చెల్లెలు ఊళ్ళో ఇంటింటి నుంచీ ఒక గుడ్డముక్క తెచ్చి, నడుమ అక్క చిన్నప్పటి బట్ట పెట్టి, కోటు కుట్టిందని అందులో తెలుస్తుంది. నోటుబుక్కులో ఉన్నవి ఆ పుస్తకం చూసి దింపిన జపాను అక్షరాలు. చివరి కుట్టు పడేదాకా పెద్దవాళ్ళకు చెప్పకూడదట. తల్లికి చెప్పొద్దని పిల్లలకు నేర్పే కథ ఏం కథ అని అడిగాను.

"చెప్తె నువ్వు తిడ్తవని అక్క నాకొక్కదానికే చెప్పింది," అంది స్నిగ్ధ. "చదువు ఇడిసిపెట్టి ఇంటికొస్త అన్నది. దినాం ఏడుస్తున్నదట."

అది నాకు రెండో దెబ్బ. మొదటిది నేను దానికి వేసింది. నీ ఉత్తరంలో నాకు తెలియనిదేదో ఉందనుకున్నాను కదా, అది ఇదే. నేను తిట్టేదాన్నే, అబద్ధం ఎందుకు. తిట్టి, దొరికిన బస్సుకే వరంగల్‌లో నీ హాస్టల్‌కు వచ్చేదాన్ని.

ఇప్పుడు దాచిన మాట రాస్తాను. ఇది మీ నాన్నకు కూడా తెలియదు.

నీకు ఏడాది నిండేటప్పుడు మీ నాన్న కాలు విరిగి మంచంలో ఉన్నాడు. నీ ఒంటి మీదికి కొత్త బట్ట లేదు. అప్పుడే తారాబాయి తమ్ముడి పెళ్ళికని జాకెట్టు గుడ్డ ఇచ్చింది, నీలం మీద పసుపు చుక్కలు. అందులోంచి పెద్ద ముక్క దాచుకుని మూటలో పెట్టలేదు. గుడ్డ అంతా సరిపోయిందని ఆమె ముఖం మీదే చెప్పాను. నీ ఫ్రాక్ ఆ దొంగ గుడ్డతో కుట్టింది, అక్షతా. ఎవరి పీలికా దాచుకోని నాగరాణి అని గల్లీ అంతా చెప్పుకుంటుంటే పదిహేడేళ్ళుగా తల దించుకుని మిషన్ తొక్కాను. తారాబాయి ఎక్కువ గుడ్డ తెచ్చినా, నవ్వినా, ఊరికే చూసినా, కనిపెట్టిందేమో అనుకున్నాను. తప్పు నాది, అనుమానం ఆమె మీద.

శుక్రవారం జొన్నలు పట్టించే రోజు. మధ్యాహ్నం అటు పోతే తారాబాయి గిర్ని చప్పుడు లేదు. ఆమె ఒక్కతే స్టూలు మీద కూర్చుని తుడిచిన తక్కెడనే మళ్ళీ తుడుస్తోంది. మన గల్లీ వాళ్ళు డబ్బాలు ఎత్తుకుని బస్టాండు పక్క గిర్నికి పోతున్నారు. ఇద్దరు పిల్లల్ని వాళ్ళ తల్లులు ఆమె గడప ముందు నుంచి చెయ్యి పట్టి లాక్కుపోయారు. అలాంటి పేరు పడ్డ ఆడదాన్ని ఏం చేస్తారో మా అమ్మ చెప్పగా విన్నాను. రాళ్ళు పడటానికి ఎన్నో రోజులు పట్టదు. ఆ పేరు పెట్టింది నేను.

నిన్న పొద్దున నల్లా నీళ్ళు వచ్చే వేళకు ఫ్రాక్, కోటు పట్టుకుని పోయాను. నల్లా గిర్ని ముందే కదా, అందరూ ఉన్నారు, వీరమణి కూడా. స్నిగ్ధ నా వెనక నిలబడింది. తారాబాయిని బయటికి పిలిచాను.

"తారక్క ఏం జెయ్యలే," అన్నాను అందరికీ వినపడేటట్టు. "ఫ్రాక్ కోసింది నా చిన్నబిడ్డ, అక్కకు కోటు కుట్టుడానికి. మీ మూటలల్ల ముక్కలు తీసింది కూడా అదే. ఇగ ఈ ఫ్రాక్ గుడ్డ తారక్కది. పదిహేడేండ్ల కింద నేనే దొంగతనం జేసిన. ఆ భయానికే నా నోట్లకెల్లి ఆ మాటొచ్చింది."

బిందెలు నిండి పొర్లుతున్నా ఎవరూ తియ్యలేదు. వీరమణి తల తిప్పుకుంది. సాయంత్రానికి ఇద్దరు కుట్టడానికిచ్చిన గుడ్డలు వెనక్కి తీసుకుపోయారు. పోనీ. గిర్ని మాత్రం సాయంత్రం తిరిగింది, ఇంట్లోకి వినపడింది.

తారాబాయి ఫ్రాక్ తీసుకుని, ఆ రంధ్రంలో వేలు పెట్టి చూసింది.

"నీ పెద్దబిడ్డ మొదటిసారి గడప దాటి నడుసుకుంట వచ్చింది నా గిర్నికే," అంది. "ఈ ఫ్రాకే ఏసుకున్నది. అప్పుడే గుర్తువట్టిన. పిల్ల ఒంటి మీది బట్ట ఎవలన్న అడుగుతరా?"

"మరి ఒక్కనాడన్న అనకపోతివి అక్కా."

"ఏమని అనాలె? ఇంట్ల గుడ్డ లేదని సమజైంది. గందుకే పావు మీటరు ఎక్కువ తెచ్చుడు మొదలువెట్టిన, పిల్లకు ఏదన్న కుడుతవని. నువ్వేమో ప్రతిసారి మూటగట్టి నా చేతుల వెడితివి. మొన్న ముక్క తక్కువుంటె సంబురమైంది, ఇన్నేండ్లకు ఉంచుకున్నవనుకొని." ఫ్రాక్ మడుస్తూ మళ్ళీ అంది. "కాని ఆ మాట అన్నవు సూడు, దానికి మాత్రం నీ మీద కోపమున్నది. అది ఇప్పట్ల పోదు."

పోకూడదు కూడా. నీ ప్రశ్నకు ఇదే జవాబు. తారాబాయి పెద్దమ్మ బాగుంది, నాతో మాత్రం మాట్లాడటం లేదు. స్నిగ్ధతో మాట్లాడుతోంది.

కోటు ఈ ఉత్తరంతోపాటే పార్సిల్లో వస్తోంది. స్నిగ్ధ ఇల్లిల్లూ తిరిగి అడిగింది. ఇచ్చినవాళ్ళవి ఉంచింది, ఇవ్వమన్నవాళ్ళవి మూడు ముక్కలు విప్పి తిరిగిచ్చింది. అందుకే అక్కడక్కడా మన పాత దుప్పటి ముక్కలు కనిపిస్తాయి. ఒకసారి వేసుకో. వేసుకున్నాక కూడా వచ్చేయాలనిపిస్తే వచ్చేయ్. ఆ మాట మాత్రం నాకు చెప్పు, చెల్లెలికి కాదు.

వీపు నడుమ చుక్కల గుడ్డ ఉంటుంది, అది ఎవరిదో ఇప్పుడు నీకు తెలుసు. కాలరు లోపలి అస్తరు ఆకుపచ్చది. దాన్ని ఇవాళ పొద్దున తారాబాయి స్నిగ్ధ చేతికిచ్చి పంపింది, జాకెట్టు గుడ్డ లేకుండా, ఒట్టి పావు మీటరు. ఈసారి నేను తిరిగివ్వలేదు.

ఇట్లు,
పదిహేడేళ్ళ తర్వాత ఒక ముక్క ఉంచుకున్న
మీ అమ్మ,
నాగరాణి