చర్చిలో నీ చెంబు

దానియేలన్నా,

శ్రమకాలపు ఉపవాసాలు నిన్న మొదలయ్యాయి. నువ్వు పోయాక వచ్చిన మొదటివి.

గుండె వాల్వుకు కాల్షియం పట్టి రాయిలా బిగుసుకుపోయిందని డాక్టరు చెప్పినప్పుడు, బతుకంతా గనిలో రాయి కొట్టిన నువ్వు నవ్వావు. "బేతంచెర్ల రాయి నన్ను ఆడ కూడా ఇడిచిపెట్టలేదే" అన్నావు. లోహపు వాల్వు పెట్టి, దాని మీద రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర మింగమన్నారు. పోయిన ఏడాది ఉపవాసాల్లో ఆ మాత్ర మానేశావు. వదిన అడిగితే, "నోట్లో ఏం పడినా ఉపవాసం చెడిపోతాది" అన్నావట. ఈస్టరు రాకముందే వాల్వు మీద కట్టిన గడ్డ మెదడుకు చేరింది. నాకు నీ మీద కోపం ఇంకా పోలేదు.

నిన్న ప్రార్థన అయ్యాక పాస్టరయ్య అందరినీ కూర్చోబెట్టి చెప్పాడు.

"మాత్రలు ఏసుకునేటోళ్లు ఏసుకోండప్పా. దేవుడేం అనుకోడు. మన దానియేలు మాదిరి చేయాకండి."

ఎవరూ కదల్లేదు. వదిన లేచి, నీ పేరు చెక్కిన చెంబు నిండా నీళ్లు తెచ్చి ముందర పెట్టింది. సుందరమ్మవ్వ కొంగుముడి విప్పి మాత్ర మింగింది. ఆమె వెనకే ఒకరి తర్వాత ఒకరు లేచారు. అంతమంది నీలాగే మానేసి కూర్చున్నారని మాకెవరికీ తెలియదన్నా.

వదిన చెంబు ఇంటికి తేలేదు. ఈస్టరు దాకా నువ్వు కూర్చునే చోట అదే ఉంటుంది.