నా కారు సంతకం

మంగళవారం, కాట్పాడి

మురళిని తలచుకుంటే ఇంకా ఒళ్ళు మండుతోంది.

ఈ రోజు గుడియాత్తం రోడ్డు మీద మా ల్యాబ్ కార్లు నాలుగూ రేడియోలో ఒకదానికొకటి కబురు పంపుకుంటూ వెళ్ళాయి. వాటిలో అబద్ధమాడే కారును పట్టుకోవడమే నా ప్రోగ్రాం పని. లత్తేరి దాటగానే ‘ముందు లారీ బోల్తా పడింది’ అని కబురొచ్చింది. చూస్తే రోడ్డు ఖాళీ. ప్రోగ్రాం వెంటనే దొంగను చూపించింది. నేను నడుపుతున్న కారునే!

“దొంగను పట్టమంటే నువ్వే దొరికినావేమ్మా!” అన్నారు ప్రొఫెసర్. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు మురళే.

ప్రతి కబురు మీదా ఆ కారు కీ, అంటే దాని రహస్య కోడ్, సంతకంలా పడుతుంది. పోయిన వారం వాడే వచ్చి, “అక్కా, నా కీ పనిచేసేలేదు. నీది ఇయ్యి, రేపిచ్చేస్తా” అంటే ఇచ్చాను. ఒకే ల్యాబ్ వాళ్ళం కదా అనుకున్నాను. దాంతోనే ఈ రోజు నా కారు పేరు మీద ఆ అబద్ధం పంపాడు. వాడూ ఇలాంటి ప్రోగ్రామే రాశాడు, నాది పనికిరాదని తేలితే వాడిదే తీసుకుంటారు మరి.

సాయంత్రం నిలదీశాను. “నేను యాడ పంపినానక్కా? రుజువుండాదా?” అన్నాడు.

ఉన్న రుజువు ఒక్కటే, కీ వాడికిచ్చానని నేను ఒప్పుకోవడం. కీ ఎవరికీ ఇవ్వకూడదని ల్యాబ్ గోడ మీద రాసి అంటించింది నేనే. చెప్తే ఇద్దరినీ ల్యాబ్ నుంచి తీసేస్తారు.

తీసేయనీ. నేను పోయినా ఫరవాలేదు, వాడు మాత్రం మిగలకూడదు.