కారం తెలిసిన వేళ్లు

2003 మార్చి, శుక్రవారం. కోవిల్‌పట్టి.

రొమ్ము క్యాన్సరుకు కీమో ఆపి ఏడాది దాటినా నా వేళ్ల కొసలు మొద్దుబారే ఉన్నాయి. జాకెట్టు హుక్కు పడిందో లేదో అద్దంలో చూసుకోవాలి. అందుకే, కారం కొట్టించడానికి విరుదునగర్ నుంచి తెచ్చిన మిరపకాయలకు తొడిమలు తీసే పని నేనే తీసుకున్నాను. మంట తెలియని వేళ్లు దానికైనా పనికొస్తాయని!

సాయంత్రం చేతులు కడుక్కుంటుంటే కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు భగ్గుమన్నాయి. నిప్పు తగిలిందేమోనని పొయ్యి వైపు చూశాను. పొయ్యి ఆరిపోయే ఉంది.

"అత్తా, వేళ్లు మండతా ఉండాయి!"

అత్త నువ్వుల నూనె గిన్నెతో పరుగెత్తుకొచ్చింది. "రామ్మా, నల్లెణ్ణె పూస్తా."

"వేండాం అత్తా, పూయొద్దు, మండనీ!"

ఆమె నా ముఖంలోకి చూసింది. అర్థమైంది. నా వేళ్లు పట్టుకుని, దేవుడి పూలను అద్దుకున్నట్టు కళ్లకు అద్దుకుంది.

మరుక్షణం "అయ్యయ్యో!" అని అరిచింది. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే, "నిజంగానే కారమమ్మా!" అంటూ నవ్వింది.

ఇది రాస్తుంటే మంట తగ్గుతోంది. తగ్గితే మళ్లీ వస్తుందో, రాదో...

మిగిలిన వేళ్లింకా పలకలేదు. అరబస్తా కాయలున్నాయి. వాటిని ముట్టుకోవద్దని అత్తకు చెప్పాను.