కొబ్బరినీళ్లు తాగిన కీబోర్డు

బావా,

మన ఇంటి ముందుగదిలోని కంప్యూటరు సెంటరుకి ఈవేళ కొత్త కంప్యూటరు వచ్చింది. నువ్వు పోయేక ఇదే మొదటిది. స్క్రీను పలకలా పల్చగా, రంగురంగుల బొమ్మలతో ఉంది. నల్ల స్క్రీను మీద తెల్ల అక్షరాలు చాలవా, ఈ బొమ్మలెందుకురా అనేవాడివి!

పూజ చేసి, బల్ల మీదే కొబ్బరికాయ కొట్టేను. పదేళ్ల క్రితం చేసిన తప్పే. నీళ్లన్నీ కీబోర్డులోకి పోయేయి. అప్పుడు నువ్వు నన్ను తిడుతూనే కీలన్నీ ఊడదీసి, కడిగి, డాబా మీద మా అక్క పెట్టిన వడియాల పక్కన ఎండబెట్టేవు. మర్నాడు లక్షణంగా పనిచేసింది. ఈ కొత్తది మాత్రం రెండు చుక్కలకే పోయింది. చేతికి బరువు తెలియని కీబోర్డు కొనొద్దన్నావు, ఒప్పుకున్నాను.

అటక మీంచి ఆ పాతదే దింపేను. దాని పిన్ను పట్టలేదు. నువ్వు పారెయ్యనివ్వని డబ్బాలో కన్వర్టరు దొరికింది. ఈ ఉత్తరం దానిమీదే కొడుతున్నాను. వీధి చివరికి వినపడే ఆ టకటక అలాగే ఉంది.

ఇప్పుడే వంటింట్లోంచి అక్క, "టీ తెమ్మంటారాండీ?" అంది.

నన్నెప్పుడూ ఒరేయ్ అనే పిలుస్తుంది కదా. నేను టైపు చేస్తూనే ఉన్నాను, బావా.